దూది జబ్బలు

కంచె మీద తొండయ్య పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ దండీలు తీసేవాడు. ఎన్ని తీసినా చేతులు మాత్రం చీపురుపుల్లల్లాగే ఉండేవి.

"ఈ చేతులు చూసి మందారం నన్ను చేసుకుంటుందా?" అని పక్క దొడ్లో ఉండే ఆడతొండను తలుచుకుని కుమిలిపోయాడు. చివరికి గూళ్లు అల్లే గిజిగాడి దగ్గరికి పరిగెత్తాడు.

"బావా, నా జబ్బల్లో బూరుగుదూది కూరి కుట్టెయ్యి."

"నొప్పెడుతుందిరా!"

"పెళ్లి కావద్దూ?"

గిజిగాడు తలగడలు కుట్టినట్టు కుట్టాడు. తొండయ్య కంచె ఎక్కి దండీ తీయబోతే చేతులు వంగలేదు. పోనీలే, జబ్బలున్నాయిగా అని రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

అంతలో మందారం వచ్చి, సిగ్గుపడుతూ అటూ ఇటూ వెతికింది.

"మా వాళ్లు సంబంధం మాట్లాడతామన్నారు. ఇక్కడ రోజూ దండీలు తీసే ఆ సన్నచేతులాయన ఎటు పోయారు, అన్నయ్యగారూ?"