మిషన్‌కి తెలియని కార్డు

“ఇది చెల్లదమ్మా.”

అద్దం వెనకాల కూర్చున్న కుర్ర అధికారి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి తోశాడు.

సెంజేనికి ఒళ్లు మండిపోయింది. పుట్టింది జింబాబ్వేలో. బోట్స్వానా మనిషిని కట్టుకుని, ముప్పై ఏళ్లుగా ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఉంటోంది. భర్త పోయాక కూడా ఆ ఊరు విడవలేదు. ఇన్నాళ్లూ పాస్‌పోర్టులో అంటించిన కాగితంతో ఈ సరిహద్దు ఎన్నిసార్లు దాటిందో లెక్కే లేదు. కిందటి నెల ఆ కాగితాలు రద్దుచేసి, నివాస అనుమతికంటూ ఈ నీలం ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టారు.

“చెల్లకపోవడమేంటి? మీవాళ్లు ఇచ్చిందేగా!”

“ఇచ్చారు. ఈ మిషన్‌కి ఇంకా తెలీదు. నంబరు కొడితే అసలు మనిషే లేదంటోంది.”

“ఇంత మనిషిని ఎదురుగా నిలబడ్డాను, కనబడటం లేదూ?”

క్యూలో నవ్వులు. అతను మాత్రం నవ్వలేదు. ఫారం ఒకటి బయటికి తీశాడు.

“ఎక్కడుంటారు?”

“కార్డు మీదుందిగా. నీకు తెలీదా?”

“అడగడం నా డ్యూటీ. ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనూ, నా ఖర్మా.”

అంతలో ఫోన్ మోగింది. పుట్టింటి ఊరు బులవాయో నుంచి అన్నయ్య.

“ఎక్కడున్నావే? పెళ్లికొడుకు తరఫువాళ్లు పొద్దున్నుంచీ గేటు బయటే నిలబడున్నారు. పిల్లకి మేనత్తవి, నువ్వొచ్చి పిలిస్తేగానీ వాళ్లు లోపలికి రాకూడదాయె, మాటలెలా మొదలుపెట్టను?”

“ఇక్కడ నన్ను కదలనిస్తేగా!” అంది, అద్దం అవతలికి వినబడేలా.

ఆమె వచ్చిన బస్సు హారన్ కొట్టి కొట్టి, చివరికి ఆమె బ్యాగు దింపేసి వెళ్లిపోయింది.

వెనకాల దుప్పట్ల మూటతో నిలబడ్డ వ్యాపారికి జాలేసింది. “వదిలెయ్యవయ్యా. మీ అమ్మలాంటిది.”

అధికారి మొహం ముడుచుకున్నాడు. “ఎవరైనా రూల్ ఒకటే. ఇప్పుడు స్టాంపేసి పంపేస్తే, తిరిగొచ్చేటప్పుడు ఈ కార్డు లెక్కలో లేదంటారు. లోపలికి రానివ్వరు. అప్పుడు ఆవిడ గతేంటి?”

“ఆ గతేదో నేను చూసుకుంటాను. ముందు స్టాంపెయ్యి!”

“వెయ్యను. అలా కూర్చోండమ్మా.”

బల్ల మీద రెండు గంటలు కూర్చుంది. అతను ఒక చేత్తో స్టాంపులు వేస్తూ, రెండో చేత్తో రాజధానిలోని పెద్దాఫీసుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తినవాళ్లు ఇంకో నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు. మధ్యలో ఆమెకి టీ తెప్పించి పెడితే అది అలాగే చల్లారిపోయింది. సెంజేని అటు చూడ్డమే మానేసింది.

పదకొండు దాటాక ఎవరో పలికారు. మిషన్ కీచుమంది. తెరమీద ఆమె ఫొటో వచ్చింది.

స్టాంపు పడింది. సెంజేని కార్డు లాక్కుని, విసవిసా నాలుగడుగులు వేసి, మళ్లీ అద్దం దగ్గరికి వచ్చింది.

“సెస్వా మాంసం వండి ఫ్రిజ్‌లో పెట్టాను, మూడు రోజులూ వేడిచేసుకుని తిను, బయట గడ్డి తిని కడుపు పాడుచేసుకోకు” అని కొడుకుని కసిరి, బులవాయో వ్యాను వైపు పరుగెత్తింది.