పాలు పొంగుతున్నాయే

షోరూములో మనిషెత్తు స్పీకర్లు రెండు జతలున్నాయి. వాటి మధ్య హైమవతి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఏది కొనాలో తేల్చుకోవడానికి, పోయిన అమ్మ పాడిన పాటను ఫోన్లోంచి పెట్టించింది. ఆ పాట మధ్యలో అమ్మ ఆగి, "హైమా, పాలు పొంగుతున్నాయే!" అని కేకేస్తుంది. హైమవతికి కావలసింది ఆ కేకే.

మొదటి జతలో కేక లేదు. పాట ఆగకుండా సాగిపోయింది. రెండో జతలో అమ్మ ఆ కేకను కూడా రాగం తీసి పాడింది.

"ఉన్నదున్నట్టు వినిపించేవి లేవా బాబూ?"

"ఇప్పుడు అలాంటివి ఎవరూ చెయ్యట్లేదు మేడమ్, అన్నీ తప్పులు దిద్దే వినిపిస్తాయి," అన్నాడు సేల్స్‌మన్.

"అయితే వద్దులే. ఫోన్లోనే వింటాను."

"వినండి మేడమ్. మీ ఫైలు కూడా ఫ్రీగా బాగుచేసేశాం."

హైమవతి గబగబా ఫోన్ చెవికి ఆనించుకుంది. అమ్మ ఎక్కడా ఆగలేదు.