టర్బో కారులో సాదా పెట్రోలు

"ఆపు. ఏం పోస్తున్నవ్?"

వీరేశ్ అరుపుకు గ్రేసమ్మ ఉలిక్కిపడింది కానీ పైపు వదల్లేదు. అప్పటికే కారులో ముప్పై లీటర్లు పడ్డాయి. మిషన్ మీద సాదా పెట్రోలు ధర మెరుస్తోంది. అది చూసేసరికి వీరేశ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ప్రీమియం పొయ్యమని ఎన్నిసార్లు చెప్పిన?"

"మూడుసార్లు సార్."

"మరి?"

"మర్చిపోయిన."

ఎవరికి మాత్రం కోపం రాదు? నారాయణఖేడ్ దాటకముందే ట్యాంకు నింపుకుందామని ఈ బంకుకు వస్తే, ఈమె మొదట ప్రీమియం లేదంది. మేనేజర్ ఆఫీసు గదిలోంచి ఉందని కేకేశాడు. తర్వాత మిషన్ ఖరాబైందంది. అదీ అబద్ధమే. వెనక సీట్లో ఉన్న తల్లికి మాత్ర వేసి వచ్చేలోగా ఈ పని చేసింది.

"ఇది టర్బో కారు. టర్బో అంటె ఏందో ఎర్కనా నీకు? మా అమ్మకు ఇయ్యాల గుండె ఆపరేషన్. పదకొండింటికల్ల హైదరాబాద్ దవాఖానల ఉండాలె. నడుమ బండి ఆగితే నువ్వొచ్చి నూకుతవా?"

గ్రేసమ్మ వెనక సీటు వైపు చూసింది. లక్ష్మవ్వ కళ్ళు మూసుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఆగది సార్. ఇగో, ఈడ చూడుండ్రి." పెట్రోలు మూత లోపల అంటించిన కాగితం చూపించింది. "తొంభై ఒకటి నంబరు పెట్రోలు అని రాసుంది. సాదాది సాలు. కారు చేసినోళ్ళే రాసిండ్రు."

నిజంగానే అలా రాసి ఉంది. దాంతో వీరేశ్ కోపం రెట్టింపయింది. కారు కొన్న రెండు నెలల్లో ప్రీమియం తప్ప వేరే చుక్క పడనివ్వలేదు. పైపు పట్టుకునే మనిషితోనా పాఠాలు చెప్పించుకోవడం?

"మేనేజర్ని పిలువు."

పిలవకముందే అంబదాస్ వచ్చాడు. రాత్రి వానకు బంకు ముందంతా మడుగైంది. ప్యాంటు పైకి పట్టుకుని ఆ నీళ్ళలోనే నడిచొచ్చాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. ప్రీమియం ట్యాంకు నిండుగ ఉంది. పొద్దున్నించి ఎవరడిగినా లేదనే అంటుంది గీమె. చెప్పి చెప్పి యాష్టకొచ్చింది."

"చెప్పుడు కాదు. రేపటి సంది ఈమె ఈడ కనవడొద్దు. లేకుంటె మీ బంకు మీద కంప్లైంట్ రాస్త."

ఈ పని దొరకక ముందు గ్రేసమ్మ ఏటా దసరా దాటగానే కంగ్టిలో లారీ ఎక్కి, ఊరు విడిచి నెలల తరబడి చెరుకు కొట్టడానికి పోయేది. చదువు మాన్పించి బిడ్డ నిస్సీని కూడా వెంట తీసుకుపోయేది. ఈ రెండేళ్ళలో నిస్సీ ఒక్కరోజు బడి మానలేదు.

"పని పోతే మళ్ళ చెరుకుకే పోవాలె సార్. నా బిడ్డ తొమ్మిదో తరగతి."

"గది నాకెందుకు? చెప్పిన పెట్రోలు పొయ్యరానోళ్ళు చెరుకే కొట్టుకోవాలె."

గ్రేసమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. ట్యాంకు మూత గట్టిగా తిప్పి, మీద పడ్డ చుక్కలు గుడ్డతో తుడిచింది.

లక్ష్మవ్వ అద్దం దించింది. "పోనీ కొడకా. ఆడిమనిషిని పట్టుకొని ఎంతసేపు ఒర్రుతవ్? ఆలస్యమైతుంది."

"నువ్వూకో అమ్మా. ఇట్లాంటోళ్ళను ఇడిచిపెడితే నెత్తికెక్కుతరు," అంటూ వీరేశ్ అంబదాస్ వైపు తిరిగాడు. "తీసేస్తున్నవా, లేదా?"

"తీసేసిన సార్."

ఆ మాట చెవిన పడ్డాకే వీరేశ్ కారెక్కాడు. తలుపు ధడాలున వేశాడు. కారు ఒక్క కుదుపు లేకుండా మడుగు దాటి సంగారెడ్డి రోడ్డెక్కింది.

అది కనుమరుగయ్యేదాకా గ్రేసమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత మెడలోని కార్డు తీసి అంబదాస్ చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా అందుకుంది.

అంబదాస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ప్రీమియం ట్యాంకుల వాన నీళ్ళు దిగినయని ఆయనకు చెప్పలే గద?"