నూట ఎనభై ఎనిమిది మంది బావలు

"నీకెంతమంది అక్కచెల్లెళ్లయ్యా?"

సీతమ్మధారలో తన ఆఫీసు గదిలో కూర్చుని, కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగింది ఆడిటర్ గౌరీశ్వరి.

"ఒక్కతే మేడమ్. శ్రీసత్యక్క. ఇంకా పెళ్లవలేదు" అన్నాడు నాగవంశీ.

"మరి ఈ నూట ఎనభై ఎనిమిది మంది బావలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు?"

నాగవంశీ తల గోక్కున్నాడు. రొయ్యల పచ్చళ్ల వ్యాపారం పెడతాను, ప్యాకింగ్ మిషన్ కొనాలి, తలో చెయ్యి వెయ్యండి అని ఆన్‌లైన్‌లో ఊరంతటినీ అడిగాడు. జనం వేశారు. ఇప్పుడేమో ఎవరెంతిచ్చారు, వాళ్లు నీకేమవుతారో చెప్పమని ఆదాయపు పన్నువాళ్ల నోటీసు. పట్టిక నింపి నిన్ననే పంపేశాడు. పంపేశాక తీరిగ్గా ఆడిటర్ దగ్గరికొచ్చాడు మహానుభావుడు.

"మన ఇశాపట్నంలో అందరూ బావలే కద మేడమ్! ఆటో ఎక్కితే బావ, టీ కొట్టుకెళ్తే బావ..."

"చట్టానికి కాదయ్యా! దగ్గరి బంధువులిస్తే పన్ను లేదు. బయటివాళ్లిచ్చింది ఏడాదిలో యాభై వేలు దాటితే మొత్తం నీ ఆదాయమే. పన్ను ఎగ్గొట్టడానికే అందర్నీ బంధువుల్ని చేశావంటారు. పన్ను కట్టాలి, దాని మీద రెండింతలు జరిమానా. ముదిరితే జైలు."

జైలన్న మాట వినేసరికి వాడు బెదిరిపోయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మిషన్ అమ్మినా అంత డబ్బు రాదు. పచ్చళ్లు కలిపే నలుగురు ఆడవాళ్లకీ రేపేం చెప్పాలి?

పక్క కుర్చీలో తారిఖ్ అంతకంటే ఘోరంగా ఉన్నాడు. పూర్ణా మార్కెట్లో మసాలా దినుసుల కొట్టు అతనిది. పచ్చళ్లకి కారం, మెంతిపిండి అక్కణ్ణుంచే వస్తాయి. ఏసీ గదిలో చొక్కా తడిసి ఒంటికతుక్కుపోయింది.

"నువ్వెందుకు బావా అలా వణికిపోతన్నావ్? నోటీసొచ్చింది నాకు కదా" అన్నాడు నాగవంశీ. తన కోసం ఇంత హడలిపోయే స్నేహితుడున్నందుకు ఆ భయంలోనూ వాడి కళ్లు చెమర్చాయి.

తారిఖ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"అసలు బావ అని రాసిందెవరు?" అంది గౌరీశ్వరి.

"మొదటి గడిలో మా అక్కే రాసింది మేడమ్. బీకాం సదివింది కదా, సరిగ్గానే రాసుంటాదని మిగతాయన్నీ నాను కిందికి లాగేశాను. కంప్యూటర్లో అలా లాగితే నిండిపోతాయి కదా!"

తారిఖ్ ఎదురుగా ఉన్న గ్లాసు అందుకుని నీళ్లన్నీ గటగటా తాగేశాడు.

గౌరీశ్వరి ఎర్ర పెన్ను తీసింది. "కింది నూట ఎనభై ఏడు మందిదీ కలిపితే నలభై తొమ్మిది వేలు. యాభై దాటలేదు కాబట్టి అక్కడ బతికిపోయావు. నిన్ను ముంచేది ఆ మొదటి గడే. తారిఖ్ పేరున ఎనిమిది లక్షలు. వడ్డీ లేదు, వాటా లేదు. ఊరికే ఎవరిస్తారయ్యా అంత?"

"ఫ్రెండు మేడమ్" అన్నాడు నాగవంశీ ఏడుపు గొంతుతో. "సిన్నప్పట్నించీ బావా బావా అనే పిలుసుకుంటాం."

"స్నేహానికి మినహాయింపు లేదు." పెన్ను మొదటి గడి మీదికి వెళ్లింది.

"ఆగండి మేడమ్!"

తారిఖ్ లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, నాగవంశీ వైపు చూడకుండా, బల్ల మీద పెట్టాడు. గౌరీశ్వరి మడత విప్పింది. ముద్ర చూసింది, సంతకాలు చూసింది, తేదీ రెండుసార్లు చూసింది. పెన్నుకి మూత పెట్టేసింది.

"డబ్బివ్వడానికి మూడు నెలల ముందుదే. రూపాయి పన్ను కట్టక్కర్లేదు. మిగతా పేర్ల పక్కనున్న బావల్ని తీసేసి ఇవాళే మళ్లీ పంపిద్దాం."

నాగవంశీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఏటి మేడమ్ ఆ కాయితం? ఏటి బావా అది?"

తారిఖ్ అప్పటికే వెనక్కి వెనక్కి నడుస్తూ తలుపు దాకా వెళ్లిపోయాడు.

"కొట్టకు బావా... మీ అక్క మొదటి గడిలో నిజమే రాసింది."