నమ్మాలనిపించే మొహం

సన్నగా చినుకులు పడుతున్న మధ్యాహ్నం, గుబురు గడ్డమున్న ఒక పెద్దాయన సెలూన్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"జుట్టు కాస్త తగ్గించమ్మా. గడ్డం జోలికి మాత్రం పోకు."

కత్తెరమ్మాయి పని మొదలుపెట్టింది. వచ్చేవాళ్ళంతా ఆమెను అలాగే పిలుస్తారు. చేతులు ఆడుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. అద్దానికి ఆనించిన ఫోన్లో అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. ఒక్కో అంకె తగ్గుతుంటే ఆమెకు గాల్లో తేలిపోతున్నట్టుంది.

"ఏంటమ్మా అది?"

"ప్రీసేలండీ. కొత్త క్రిప్టో కాయిన్. మార్కెట్లోకి రాకముందే కొనుక్కోవాలి. ఇంకో అరగంటలో రేటు రెట్టింపవుతుందట."

"ఎంత పెడుతున్నావు?"

"ఉన్నదంతా." సిగ్గుపడుతూ నవ్వింది. "ఆరేళ్ళు కూడబెట్టా, సొంత షాపు కోసం. రెండు కుర్చీలు, గోడంతా అద్దం."

చెబుతుంటేనే ఆ అద్దం కళ్ళముందు నిలిచింది. అందులో లేత ఎండ, తెల్లటి తువ్వాళ్ళు, మహారాణిలా తను.

"కొన్నదాంట్లో కొంచెం ఇవాళే అమ్మనిస్తారా?"

"కాయిన్ బయటికొచ్చాకే అమ్ముకోవాలట."

"అంటే డబ్బు లోపలికి పోయే తలుపే ఉందన్నమాట. ఈ కాయిన్ మొదలుపెట్టినవాళ్ళెవరు?"

"ఎవరో పెద్దాయనండీ. సైట్లో ఫొటో ఉందిగా. చూడగానే నమ్మాలనిపించే మొహం."

పెద్దాయన అద్దంలో తన మొహం చూసుకున్నాడు.

"ఆయన మాట్లాడుతుంటే ఎవరైనా విన్నారా?"

ఆమెకు ఒళ్ళు మండింది. సరిగ్గా ఇవాళే ఎక్కడినుంచి దాపురించాడీయన అనుకుంది.

"మీకు తెలీదులెండి. మీ కాలం వేరు."

"తెలుసమ్మా. చెబితే నమ్మవు." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "సరే, ఇది తీసెయ్. నీకే అర్థమవుతుంది."

"ఇందాక వద్దన్నారుగా?"

"ఇప్పుడు తీసెయ్ తల్లీ. పది నిమిషాల పని."

ఆమె ఫోన్ వైపు చూసింది. గడువు ఎనిమిది నిమిషాలే ఉంది.

"రేపు రండి బాబాయ్, తీరిగ్గా తీస్తా."

మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులిపింది. గొడుగు చేతికిచ్చి, దాదాపు గెంటినంత పని చేసింది.

గుమ్మంలో ఆయన ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ఫోన్ అందుకుంది.

తర్వాత తొమ్మిది రోజులు కలలోనే గడిచాయి. కుర్చీలకు రంగు కూడా ఎంచుకుంది.

పదో రోజు కాయిన్ బయటికి రావాలి. పొద్దున్నే చూస్తే సైటు తెరుచుకోలేదు. కాయిన్ కొన్నవాళ్ళంతా ఫోన్లో మాట్లాడుకునే గ్రూపు కూడా మాయం. ఆరేళ్ళ కష్టం ఆవిరైపోయింది.

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకుంటున్న ఆఫీసరుకు, ఏడుస్తూనే, ఫోన్లో దాచుకున్న ఫొటో చూపించింది.

"వీడేనండీ నన్ను ముంచింది."

"ఈయన కాదమ్మా. ఈయనొక సంగీతం మాస్టారు, పాపం. ఎప్పుడో దిగిన ఫొటోని దొంగిలించి, ఏడాదిగా ఇలాంటి కాయిన్లన్నిటికీ ఇదే పెడుతున్నారు. ఒకచోట జనం ఈయనే మోసగాడనుకుని తన్నారు కూడా. అప్పట్నుంచీ మొహం దాచుకుని ఊరూరా తిరుగుతున్నాడు, కనబడినవాళ్ళకల్లా కొనొద్దని చెప్పుకుంటూ."

ఆమె బొటనవేలితో మెల్లగా ఫొటోలోని నున్నటి చుబుకాన్ని మూసి చూసింది.

కోటు తొడుక్కుని లోకానికంతా నవ్వుతున్న ఆ పెద్దమనిషి, తను చేతులారా వానలోకి పంపేసిన బాబాయే.