పాప ఫోటోలకు ఏ లెన్సు?

"ఇంతకీ ఫోటోలు తియ్యాల్సింది ఎవర్నండీ?" అని అడిగాడు కెమెరా షాపాయన.

"మా పాపని. రేపు మొదటి పుట్టినరోజు," అన్నాడు బావ.

చిట్టి గాజు బల్ల మీద పెట్టిన కొత్త కెమెరాను చూస్తూ నిలబడింది. అది అక్క తనకు ఇస్తున్న కానుక. లెన్సు మాత్రం చిట్టికి నచ్చిందే కొనాలని మరీ మరీ చెప్పి బావను తోడు పంపింది. ఫోన్లో తీస్తే పోయేదానికి ఇంత హడావుడి ఎందుకని చిట్టి దారి పొడుగునా గొణుగుతూనే వచ్చింది.

"ఏదో ఒకటి ఇస్తే గానీ మీ అక్క మనసు కుదుటపడదు. మారు మాట్లాడకుండా తీసుకో," అన్నాడు బావ.

షాపాయన అడిగినదానికీ అడగనిదానికీ కూడా జవాబు చెప్పే రకం. పొట్టి లెన్సు ఒకటి తీసి, గుడ్డతో తుడిచి, కెమెరాకు తగిలించి చిట్టి చేతికిచ్చాడు.

"ఇది యాభై ఎమ్మెమ్ లెన్సమ్మా. చంటిపిల్లలకైతే కళ్ళు మూసుకుని కొనేయొచ్చు. లైటు తక్కువున్నా ఫ్లాష్ అక్కర్లేదు. కాకపోతే జూమ్ ఉండదు, మీరే దగ్గరికెళ్ళాలి. పాపతో పాటు నేల మీద చతికిలబడండి. అదే పాక్కుంటూ వచ్చి మీ ఒళ్ళో కూర్చుంటుంది. అప్పుడు నొక్కండి!"

చిట్టి కెమెరాను కంటికి ఆనించి బావ వైపు తిరిగింది. బావ మొహం ఫ్రేమంతా నిండింది. ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"దూరం నించి తీసేది లేదా?" అంది చిట్టి, కెమెరాను బల్ల మీద పెట్టేస్తూ.

"లేకేం? పొడుగు లెన్సుంది. ఆటల పోటీలకి, పిట్టలకి వాడతారు. ఇంట్లో పాపకి అదెందుకండీ? తీసేది పాపనా, పులినా?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు షాపాయన.

"పాపకి కొత్త మొహాలంటే బెదురు," అన్నాడు బావ.

అక్క కూడా ఫోన్లో అదే మాట అంది. "కాస్త దూరం నించే తియ్యవే. ఏమనుకోకు," అంది. ఏమనుకుంటుంది? సరేనంది చిట్టి. అసలు రమ్మన్నారు, అదే పదివేలు. ఎక్కడో దూరాన ఉద్యోగం. పాపను చూసి నెలలైంది. మళ్ళీ ఎప్పుడు చూస్తుందో తెలియదు. ఉన్నది రేపటి సాయంత్రం ఒక్కటే. ఆ కాసేపట్లో పాపను కళ్ళారా చూసుకోవాలి, బెదరగొట్టకుండా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా.

"మీరు పాపకి ఏమవుతారమ్మా?" అన్నాడు షాపాయన.

"పిన్ని." చిట్టి నోరు తెరిచేలోపే బావ చెప్పేశాడు.

"పిన్నికి బెదరడమేంటండీ, చోద్యం కాకపోతే! రెండ్రోజులు చంకనేసుకుని తిప్పండి, మిమ్మల్ని వదిలితే ఒట్టు."

"ఆ పొడుగుదే ఇవ్వండి," అంది చిట్టి.

మర్నాడు సాయంత్రం అక్కావాళ్ళ హాలు నిండా బుడగలు, చుట్టాలు. చిట్టి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు దగ్గర సర్దుకుంది.

"చెప్పుల దగ్గర నిలబడ్డావేంటమ్మా? ముందుకి రా!" అని పిలిచారెవరో.

"ఇక్కణ్ణించి బాగా పడుతుందండీ," అంది.

నిజంగానే బాగా పడుతోంది. అందరి భుజాల మీదుగా పాప ఒక్కతే కనిపిస్తోంది. కొత్తగా వచ్చిన రెండు కింది పళ్ళు. మణికట్టు దగ్గర దారం చుట్టినట్టు మడత. చెవి వెనక చెమటకు అంటుకున్న మెత్తటి జుట్టు. చిట్టికి ఏడుపు ముంచుకొచ్చింది. మొహానికి కెమెరా అడ్డం ఉండబట్టి సరిపోయింది, ఎవరూ చూడలేదు.

అక్క పాపను చంక దింపడం లేదు. బావ వాళ్ళమ్మ చూసి చూసి విసుక్కుంది.

"ఎంతసేపని మోస్తావమ్మా? దింపు. దాని కాళ్ళు ఎవరికైనా అరువిచ్చావా ఏం?"

అందరూ నవ్వారు. ఇక తప్పక అక్క పాపను సోఫా దగ్గర నిలబెట్టి, కేకు కోసే చాకు అందుకుంది. పాప సోఫా అంచు పట్టుకుని హాలంతా కలయజూసింది. చివర్న గుమ్మం దగ్గర నల్లగా, గుండ్రంగా ఏదో మెరుస్తోంది. సోఫా వదిలేసింది.

ఒక అడుగు. ఇంకో అడుగు. అప్పటిదాకా పట్టు లేకుండా నడిచి ఎరగదు. హాలంతా ఒకటే కేరింతలు. బావ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాడు. పాప ఆయన్ను దాటుకుని ముందుకే వచ్చింది.

చిట్టి వెనక్కి జరిగింది. వీపుకు గోడ తగిలింది. పాప తూలుకుంటూ వచ్చి ఆమె మోకాళ్ళను వాటేసుకుంది. బెదరలేదు, ఏడవలేదు. రెండు చేతులూ పైకెత్తి, ఎత్తుకోమన్నట్టు చూసింది.

"కొత్త మొహాలంటే బెదురన్నారు, ఏదీ?" అన్నారెవరో.

అక్క చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెదాల మీద నవ్వుంది గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. బావ నేల చూపులు చూస్తున్నాడు.

ఎత్తుకోవాలని చిట్టికి ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్కసారి ఎత్తుకుంటే ఇక దించలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కెమెరాను మెడకు వదిలేసి పాప ముందు గొంతుక్కూర్చుంది.

"నేను పిన్నిని బంగారం, అమ్మ అదిగో, అక్కడుంది," అంటూ పాప భుజాలు పట్టుకుని మెల్లగా అక్క వైపు తిప్పింది, ఆ పాపను కన్న తల్లి.