గేదెమ్మ చేసిన నీటి పరీక్ష

ఏటి నీళ్ళ సంగతి తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నల్లచుక్క అనే గేదెకి గట్టి నమ్మకం. అది తెలిసే, కొత్తగా గుడ్లు పొదిగిన బాతు దాని దగ్గరికొచ్చింది.

"అత్తా, పిల్లల్ని మొదటిసారి ఈతకి దింపుతున్నా. నీళ్ళు మంచివో కావో కాస్త చూసిపెట్టవూ?"

"అడగాల్సిన వాళ్ళనే అడిగావు" అంటూ నల్లచుక్క మెడదాకా దిగింది. నాలుగు కాళ్ళతో అడుగంతా తొక్కి, తోకతో బాది, అప్పుడు ఒక గుక్క తాగింది.

"ఛీ, ఒట్టి బురద! పై రేవుకి పద."

పై రేవులోనూ అలాగే దిగింది. అక్కడా బురదే. ఆ పై రేవులోనూ బురదే. బాతుపిల్లలు దాహంతో నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఈ ఏరు చెడిపోయిందమ్మా, ఇంకో ఏరు చూసుకో" అని తేల్చేసింది నల్లచుక్క. పాపం బాతు, మండుటెండలో పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరబోయింది.

అంతలో రాతి సందులోంచి ఎండ్రకాయ కళ్ళు బయటపెట్టింది.

"ఓ అత్తా! ఇందాక నువ్వొచ్చేదాకా నా గుమ్మంలోంచి అవతలి ఒడ్డు కనబడేది. నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి గట్టెక్కి కదలకుండా కూర్చుని చూడు."

నల్లచుక్క మూతి ముడుచుకునే గట్టెక్కింది. కాసేపటికి బురద అడుక్కి దిగింది. తేటనీళ్ళలో గులకరాళ్ళు మెరిశాయి. వాటిమీద, చెవులదాకా బురద పూసుకున్న తన మొహమే తనని తీరిగ్గా చూస్తోంది. దానికి నవ్వాగలేదు.

"ఏరు బాగానే ఉందే బాతూ! చెడంతా నా కాళ్ళతోనే రేవు రేవుకీ తిరుగుతోంది. పిల్లల్ని దింపు. వాళ్ళు తాగి, ఈదులాడి, ఒడ్డెక్కాకే నేను దిగుతా. మూతి కడుక్కోవాలిగా మరి!"